శిశువిద్యలో లెక్కింపు, అంకెల గుర్తింపు

శిశువిద్యలో లెక్కింపు, అంకెల గుర్తింపు అన్నవి 3 నుండి 6 సంవత్సరాల వయసు పిల్లలకు బడిలోను, అంగన్‌వాడీలోను, ఇంటివద్దను నేర్పే తొలి గణిత విషయాలు. వస్తువులను ఒక్కొక్కటిగా ఎంచి ‘ఎన్ని’ అన్నది చెప్పగలగడం లెక్కింపు. 1, 2, 3 వంటి గుర్తును చూసి దాని పేరు చెప్పి, అది ఎంతను సూచిస్తున్నదో గ్రహించడం అంకెల గుర్తింపు. ఈ రెండూ కాక, సంఖ్యల పేర్లను వరుస తప్పకుండా వల్లించడం అనే మూడవ పని ఒకటి ఉన్నది. ‘మా పాపకు వంద దాకా వచ్చు’ అని పెద్దలు మురిసిపోయేది సాధారణంగా ఈ మూడవదానిని చూసి. వంద వరకు తడుముకోకుండా వల్లించే నాలుగేళ్ళ పాపను గిన్నెలో నుండి ఐదు చింతగింజలు తీసి ఇమ్మంటే గుప్పెడు తీసి ఇవ్వడం అరుదైన విషయమేమీ కాదు. ఇది మందబుద్ధి వలన గాని, అశ్రద్ధ వలన గాని జరిగేది కాదు. వల్లించడం, లెక్కించడం, ఎన్నో తెలియడం, గుర్తును చదవడం అనేవి వేరువేరు విద్యలు. ఇవి పిల్లలకు వేరువేరు సమయాలలో అబ్బుతాయి.

పదాల వాడుక

తెలుగులో ‘అంకె’, ‘సంఖ్య’ అన్న మాటలను వాడుకలో ఒకదానికి బదులు ఒకటి వాడుతుంటారు. గణిత పరిభాషలో 0 నుండి 9 వరకు గల పది గుర్తులు అంకెలు; వాటితో వ్రాసేవి సంఖ్యలు. 7 అంకె కూడా, సంఖ్య కూడా. 17 రెండు అంకెల సంఖ్య. ఐదేళ్ళ పిల్లలకు ఈ తేడాను నిర్వచనంగా చెప్పవలసిన పని లేదు గాని, నేర్పేవారికి ఇది తెలిసి ఉండాలి. పూర్వపు వీధిబడులలో ఒకటి నుండి వరుసగా చెప్పించే సంఖ్యలను ‘ఒంట్లు’ అనేవారు. ఒంట్లు వచ్చిన తరువాత ఎక్కాలు చెప్పించేవారు. ‘ఒంట్లు వచ్చాయి’ అంటే నోటికి వచ్చాయనే అర్థం.

లెక్కింపులో ఇమిడి ఉన్న విషయాలు

పెద్దలకు లెక్కించడం ఒకే పనిగా కనిపిస్తుంది. అందులో ఎన్ని పనులు కలిసి ఉన్నాయో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోచెల్ గెల్మన్, సి.ఆర్. గాలిస్టెల్ 1978లో ప్రచురించిన తమ పుస్తకంలో విడమరచి చూపారు. వారు ఐదు సూత్రాలను చెప్పారు.

మొదటిది ఒక వస్తువుకు ఒకే పేరు అన్న సూత్రం. గింజను తాకిన ప్రతిసారీ ఒక సంఖ్య పలకాలి, ఏ గింజనూ వదలకూడదు, ఏ గింజనూ రెండుసార్లు తాకకూడదు. మూడేళ్ళ పిల్లల నోరు ఒక వేగంతోను, వేలు మరొక వేగంతోను కదులుతాయి. ‘ఐదు’ కన్న ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ పొడవైన మాటలు కావడం వలన అక్కడికి వచ్చేసరికి ఒక మాటకు రెండు గింజలు తాకడం తరచు కనిపించే పొరపాటు. రెండవది పేర్ల వరుస మారరాదన్న సూత్రం. మూడవది అన్నిటిలోకి కీలకమైనది: చివర పలికిన మాట చివరి గింజ పేరు కాదు, మొత్తం ఎన్నో చెప్పే మాట. నాలుగవది, దేనినైనా లెక్కించవచ్చునన్నది. గింజలనే కాదు, చప్పట్లను, మెట్లను, నిన్న ఇంటికి వచ్చిన చుట్టాలను కూడా. ఐదవది, ఎక్కడ మొదలు పెట్టినా లెక్క మారదన్నది.

రెండవ సూత్రానికి మన ఇళ్ళలోనే ఒక చిత్రమైన మినహాయింపు ఉన్నది. ధాన్యం కొలిచేటప్పుడు తొలి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభం’ అని, తరువాత ‘రెండు, మూడు’ అని సాగించడం పల్లెలలో ఆచారం. పెద్దలతో కళ్ళం దగ్గరకు వెళ్ళిన పిల్లలు ‘ఒకటి ఏది?’ అని అడిగారంటే వారికి వరుస స్థిరపడినదని అర్థం చేసుకోవచ్చును.

వల్లించడం కూడా ఒక్కసారిగా వచ్చేది కాదు. కారెన్ ఫ్యూసన్ తన సహ పరిశోధకులతో కలిసి 1982లో దానిలోని దశలను వివరించారు. మొదట పిల్లలకు వరుస అంతా ఒకే పాటలా ఉంటుంది. ‘ఒకటిరెండుమూడు’ అన్నది మూడు మాటలని తోచదు. తరువాత మాటలు విడివడతాయి, కాని ప్రతిసారీ ఒకటి నుండే మొదలుపెట్టాలి. ఆ పైన ‘ఆరు తరువాత ఏది?’ అంటే ఆరు నుండే సాగించగలుగుతారు. చివరికి వెనుకకు కూడా చెప్పగలుగుతారు. కూడికలు, తీసివేతలు నిలిచేది ఈ చివరి రెండు దశల మీద. అందువలన వంద వరకు ముందుకు వల్లించడం కన్న, పది నుండి ఒకటికి వెనుకకు రావడం, నడుమ ఎక్కడ నుండైనా అందుకోవడం శిశు తరగతిలో ఎక్కువ విలువైన సాధన.

‘ఎన్ని’ అన్నది తెలిసే వయసు

పిల్లలకు సంఖ్యల అర్థం ఎప్పుడు తెలుస్తుందన్న ప్రశ్నకు 1990, 1992లలో కారెన్ విన్ ప్రచురించిన పరిశోధనలు స్పష్టమైన సమాధానం ఇచ్చాయి. ఆమె పద్ధతి చాలా సరళమైనది: పిల్లల ముందు బొమ్మలు పోసి ‘ఒకటి ఇవ్వు’, ‘మూడు ఇవ్వు’ అని అడగడం. పది వరకు చక్కగా ఎంచగల పిల్లలలో కొందరు ‘ఒకటి’ అంటే ఒకటే ఇచ్చి, ఇంకేది అడిగినా గుప్పెడు ఇచ్చారు. ఇంకొంత పెద్ద పిల్లలు ఒకటి, రెండు సరిగా ఇచ్చి, మూడు దగ్గర తడబడ్డారు. ఒక్కొక్క మెట్టుకు నెలల తరబడి పట్టింది. మూడో నాలుగో తెలిసిన తరువాత మాత్రం ఐదు, ఆరు, ఏడు విడివిడిగా నేర్పవలసిన పని లేకుండా పోయింది. లెక్కపెట్టి ఆపిన చోటే అడిగిన సంఖ్య అన్న సంగతి పిల్లలకు ఒక్కసారిగా పట్టుబడింది. అమెరికా పిల్లలలో ఇది సుమారు మూడున్నర ఏళ్ళకు కనిపించింది. ఇంటిలో సంఖ్యల మాటలు ఎంతగా వినిపిస్తాయన్న దానిని బట్టి ఈ వయసులో హెచ్చుతగ్గులు ఎక్కువగానే ఉంటాయి.

దీని వలన బోధనకు కలిగే ఫలితం ఒకటి ఉన్నది. ఒకటి, రెండు, మూడు అన్న చిన్న సంఖ్యల దగ్గర ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత మేలు. ఆ మూడింటిని వారంలో ముగించి ఇరవై వైపు పరుగెత్తడం పునాది ఆరకముందే గోడ లేపడం వంటిది.

మూడు నాలుగు వస్తువుల వరకు లెక్కపెట్టకుండానే ఒక్క చూపులో ఎన్నో తెలుసుకునే శక్తి మనుషులకు ఉన్నది. పాచిక మీద ఐదు చుక్కలను చూడగానే పోల్చుకోవడం దీనికి కొనసాగింపు. అక్కడ అమరిక కూడా తోడ్పడుతుంది. తెలుగువారి వ్యవహారంలో జత అంటే రెండు, పుంజీ అంటే నాలుగు. నాలుగు మామిడికాయలను నాలుగుగా కాక ఒక పుంజీగా చూడడం ఈ చూపును పదునుపెట్టే అలవాటే. నేడు పట్టణ పిల్లలకు ‘పుంజీ’ తెలియదు గాని, చెప్పుల జత తెలుసు, కోడిగుడ్ల అట్టలోని వరుసలు తెలుసు.

పియాజే ప్రయోగం

స్విట్జర్లాండుకు చెందిన జీన్ పియాజే, అలీనా షెమిన్‌స్కాతో కలిసి 1941లో ఫ్రెంచి భాషలో ప్రచురించిన పుస్తకం ఈ రంగంలో తొలి గొప్ప గ్రంథం. అందులోని ప్రయోగం శిక్షణ కళాశాలలలో ఉపాధ్యాయులందరూ చదివేదే. రెండు వరుసలలో సమానంగా బిళ్ళలు పేర్చి, పిల్లవాడు రెండూ సమానమేనని ఒప్పుకున్న తరువాత ఒక వరుసను ఎడంగా జరుపుతారు. నాలుగైదేళ్ళ పిల్లలలో పెక్కుమంది పొడవైన వరుసలో ఎక్కువ ఉన్నాయంటారు. సంఖ్య మారలేదన్న నిశ్చయం ఆరేడేళ్ళకు గాని కలగదని పియాజే భావించారు.

తరువాతి వారు దీనిని కొంత సవరించారు. 1974లో జేమ్స్ మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఒక అల్లరి ఎలుగు బొమ్మ వచ్చి బిళ్ళలను చెదరగొట్టినట్లుగా ఆట ఆడించి అదే ప్రశ్న అడిగితే, ఇంకా ఎక్కువమంది పిల్లలు సరిగా చెప్పారు. పెద్దవారు కావాలని బిళ్ళలు జరిపి మళ్ళీ అడిగితే, ఏదో మారి ఉంటుందని పిల్లలు అనుకుంటారు. తరగతి గదిలో కూడా ఇది నిత్యం జరుగుతుంది. సరైన జవాబు చెప్పిన పిల్లవాడిని ‘మళ్ళీ చెప్పు?’ అంటే చాలాసార్లు జవాబు మార్చేస్తాడు.

తెలుగు సంఖ్యల పేర్లు

తెలుగులో లెక్క నేర్చుకునే పిల్లలకు కొన్ని సౌకర్యాలు, కొన్ని చిక్కులు భాషలోనే ఉన్నాయి. ఒకటి నుండి పది వరకు ఏ భాషలోనైనా కంఠస్థం చేయవలసినవే. తెలుగులో చిక్కంతా పదకొండు నుండి పంతొమ్మిది వరకు ఉన్నది. పదమూడు, పద్నాలుగు అన్నవాటిలో పది, మూడు, నాలుగు వినిపిస్తాయి. పన్నెండులో ‘పది’ గాని ‘రెండు’ గాని స్పష్టంగా వినిపించవు. పదకొండుకు ‘పదునొకండు’, పన్నెండుకు ‘పండ్రెండు’ పాత రూపాలు. వాటిలో జోడింపు కొంత కనిపించేది. పదిహేనులో ‘ఐదు’ లేదు, ఐదుకు పూర్వరూపమైన ‘ఏను’ ఉన్నది. ఈ కారణం చేత పిల్లలు పదిహేను దగ్గర దాటవేయడం, పద్నాలుగు తరువాత పదహారుకు దూకడం ఉపాధ్యాయులకు అనుభవమే. ‘పది, ఐదు కలిస్తే పదిహేను’ అని ఒక కట్ట పది పుల్లలు, విడిగా ఐదు పుల్లలు చూపి చెప్పడమే దీనికి మార్గం.

ఇరవై దాటిన తరువాత దారి సుగమం. ఇరవై ఒకటి, ఇరవై రెండు అని ఒకే తీరున సాగుతుంది. హిందీలో 99 వరకు దాదాపు ప్రతి సంఖ్యకు వేరు పేరు గుర్తుపెట్టుకోవలసి ఉంటుంది. ఆ భారం తెలుగు పిల్లలకు లేదు. పదుల పేర్లు మాత్రం నేర్చుకోవాలి. ముప్పైలో మూడు, అరవైలో ఆరు కొంతవరకు పోల్చుకోవచ్చును గాని డెబ్బైలో ఏడు కనిపించదు. గ్రాంథిక రూపాలైన ఇరువది, ముప్పది, నలువది, డెబ్బది అన్నవాటిలో చివర ‘పది’ జాడ తెలుస్తుంది. వాడుకలో అది అరిగిపోయి ‘వై’, ‘భై’ గా మిగిలినది.

ఇరవై తొమ్మిది తరువాత ‘ఇరవై పది, ఇరవై పదకొండు’ అనే పిల్లలు ఉంటారు. నవ్వి ఊరుకోవలసిన పొరపాటు కాదు ఇది. చిలుక పలుకులు వదలి, వరుసలో ఉన్న నియమాన్ని ఆ పిల్లలు స్వయంగా కనుగొన్నారు. వారికి తక్కువైనది ‘ముప్పై’ అన్న ఒక్క మాట మాత్రమే.

మనుషులను లెక్కించేటప్పుడు తెలుగులో పేర్లు మారిపోతాయి. రెండు గింజలు, ఇద్దరు పిల్లలు. మూడు గింజలు, ముగ్గురు పిల్లలు. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఆ పైన ఎనిమిది మంది. ‘ఇద్దరు’లోను ‘రెండు’లోను ఉన్నది ఒకే సంఖ్య అని గ్రహించడం తెలుగు పిల్లలకు అదనపు పని. హాజరు వేళ దీనికి మంచి సమయం. వరుసలో నిలుచున్న ముగ్గురి చేతులలో తలా ఒక గింజ పెట్టి, ‘ముగ్గురు పిల్లలు, మూడు గింజలు’ అని కలిపి చెప్పాలి. పిల్లవాడు ‘మూడు పిల్లలు’ అంటే తప్పు పట్టనవసరం లేదు. ‘అవును, ముగ్గురు పిల్లలు’ అని సరైన రూపంలో బదులు చెబితే చాలును.

పెద్దల మాటలలో ‘రెండు మూడు’, ‘నాలుగైదు’, ‘పదీ పన్నెండు’ వంటి ఉజ్జాయింపు జంటలు అడుగడుగునా ఉంటాయి. ‘ఓ రెండు చెంచాలు పట్టుకురా’ అంటే రెండే అని కాదు. సంఖ్య ఖచ్చితమైనదని నేర్చుకుంటున్న వయసులో పిల్లలకు పని చెప్పేటప్పుడు ఈ జంటలను తగ్గించుకోవడం మంచిది.

అంకెల గుర్తింపు

నేటి పాఠ్యపుస్తకాలలో వాడేవి 1, 2, 3 అన్న అంకెలు. భారత రాజ్యాంగం 343వ అధికరణం వీటినే భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమని పేర్కొన్నది. తెలుగు అంకెలు ౧, ౨, ౩, ౪, ౫, ౬, ౭, ౮, ౯ పాత పుస్తకాలలోను, శాసనాలలోను కనిపిస్తాయి. వీటిలో ౨, ౩ అంతర్జాతీయ రూపాలను పోలి ఉంటాయి. రెండు లిపులను శిశు తరగతిలోనే కలిపి నేర్పితే పిల్లలు తికమక పడతారు. ఒక లిపి స్థిరపడిన రెండు మూడేళ్ళకు తెలుగు అంకెలను వేడుకగా పరిచయం చేయవచ్చును. అవి మరుగున పడకుండా ఉండటం కూడా అవసరమే.

అంకెను గుర్తించడంలో మూడు సంబంధాలు ఉన్నాయి: గుర్తుకు పేరుతో, పేరుకు పరిమాణంతో, పరిమాణానికి తిరిగి గుర్తుతో. 4 ను చూసి ‘నాలుగు’ అన్న పిల్లవాడికి మొదటి సంబంధం మాత్రమే తెలుసు. నాలుగు గింజలు చూపి ‘దీని చీటీ ఏది?’ అని, 4 చీటీ చూపి ‘ఇన్ని గింజలు పెట్టు’ అని రెండు వైపుల నుండి అడిగితే గాని మిగిలినవి తెలియవు. పైగా, పిల్లలు నిత్యం చూసే అంకెలన్నీ పరిమాణాన్ని చెప్పవు. బస్సు మీది 5 ఐదు బస్సులు కాదు. అది బస్సు పేరు వంటిది. ఇంటి నెంబరు, టీవీ చానలు నెంబరు, ఫోను నెంబరు కూడా ఇంతే. వీటితో అంకెల రూపం పరిచయం అవుతుంది, ‘ఎన్ని’ అన్నది మాత్రం అవదు.

సున్న విషయం ప్రత్యేకం. తెలుగులో ‘సున్న’ అన్నది అక్షరాల పక్కన వచ్చే గుర్తుకు కూడా పేరు. పిల్లలు ‘అం’ నేర్చుకుంటూ సున్న చుట్టడం ఎరుగుదురు. గుండ్రంగా ఉన్నదేదైనా వారికి సున్నయే. అంకెలలోని సున్న ‘ఏమీ లేదు’ అన్నదానికి గుర్తు అని వారికి వేరుగా తెలియాలి. గిన్నెలోని మూడు గింజలను ఒక్కొక్కటిగా తీసివేస్తూ ‘మూడు, రెండు, ఒకటి’ అని చెప్పి, ఖాళీ గిన్నె చూపి ‘సున్న’ అనడం తేలికైన పద్ధతి. ‘ఒకటి పక్కన సున్న పెడితే పది’ అని చెప్పడం మాత్రం పలక మీద పనికివస్తుంది గాని, ఆ ఒకటి ఒక పది కట్ట అన్న సంగతిని దాచివేస్తుంది. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి ‘ఒక కట్ట, విడి పుల్లలు లేవు’ అని చూపిన తరువాత 10 వ్రాయించడం మేలు.

3, 7, 9 వంటి అంకెలను అద్దంలో బొమ్మలా తిప్పి వ్రాయడం ఐదారేళ్ళ పిల్లలలో సర్వసాధారణం. ఎడమవైపుకు తిరిగి ఉన్న అంకెలలో ఇది ఎక్కువ. వస్తువులు ఎటు తిరిగి ఉన్నా అవే వస్తువులని పిల్లలు అప్పటికే నేర్చుకున్నారు. కుర్చీని ఎటు తిప్పినా కుర్చీయే. అంకెలకు, అక్షరాలకు మాత్రం ఆ నియమం చెల్లదని కొత్తగా నేర్చుకోవాలి. తిప్పి వ్రాసినంత మాత్రాన దానిని లోపంగా భావించరాదు. 6, 9 ల చీటీలకు అడుగున గీత గీసి ఉంచితే ఏది పైవైపో తెలుస్తుంది.

గుర్తించడం ముందు, వ్రాయడం వెనుక. మూడున్నర, నాలుగేళ్ళ పిల్లల వేళ్ళకు పెన్సిలు పట్టు ఇంకా రాదు. పూర్వం ఇసుకలో వేలితో దిద్దించి, తరువాత పలకకు, బలపానికి వచ్చేవారు. ఇసుకలో దిద్దేటప్పుడు చేయి మొత్తం కదులుతుంది, తప్పు వస్తే చెరిపివేయవచ్చును. నోటుపుస్తకంలో 1 నుండి 100 వరకు రోజూ రెండు పుటలు వ్రాసుకు రమ్మని ఎల్.కె.జి. పిల్లలకు ఇంటిపని ఇవ్వడం తల్లిదండ్రులకు చూపడానికి తప్ప వేరే ప్రయోజనం లేనిది. పెక్కుమంది పిల్లలు గడులలో నిలువుగా ముందు ఒకట్లు, తరువాత పక్కన 1 నుండి 9 దింపుకుంటూ ఆ పని ముగిస్తారు. పుట నిండుతుంది, అందులో ఒక్క సంఖ్యను కూడా వారు ఆలోచించి ఉండరు. చేయి నొప్పి పుట్టి లెక్కలంటేనే విముఖత ఏర్పడే ప్రమాదం కూడా ఉన్నది.

బోధనా సామగ్రి, ఆటలు

ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో ప్రారంభించిన శిశుగృహంలో రూపుదిద్దుకున్న పద్ధతిలో గణితానికి చక్కని వరుస ఉన్నది. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి భారతదేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతిలో మొదట 10 సెంటీమీటర్ల నుండి ఒక మీటరు వరకు ఎరుపు, నీలం రంగులు వేసిన పది కర్రలు ఉంటాయి. తరువాత గరుకు కాగితంతో చేసిన అంకెలను వేలితో తడుముతారు. ఆ పైన 0 నుండి 9 వరకు అరలు గల పెట్టెలో 45 కదురు పుల్లలను లెక్కించి పెడతారు. చివరికి పుల్లలు మిగలకపోతే లెక్క సరిపోయినట్లు. సున్న అర ఖాళీగా ఉండిపోతుంది. తప్పును ఉపాధ్యాయురాలు చెప్పనవసరం లేదు, పెట్టెయే చెబుతుంది. ఇటువంటి పెట్టెను చెప్పుల అట్టపెట్టెలతోను, చీపురు పుల్లలతోను ఎవరైనా తయారు చేసుకోవచ్చును.

తెలుగునాట పాత ఆటలలో లెక్క పుష్కలంగా ఉన్నది. వామనగుంటలలో గుంటకు ఒక గింజ చొప్పున పంచుతూ పోవడం మొదటి సూత్రానికి అచ్చమైన అభ్యాసం. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి వెల్లకిల పడినవాటిని లెక్కించి అన్ని గళ్ళు జరగాలి. అన్నీ బోర్లా పడితే ఎనిమిది అన్న నియమాన్ని మాత్రం చిన్నపిల్లలతో ఆడేటప్పుడు పక్కన పెట్టడం మంచిది. ఏమీ కనపడనిచోట ఎనిమిది అనడం వారికి అర్థం కాదు. తొక్కుడుబిళ్ళ, మెట్లెక్కడం, తాడాట అన్నిటిలోను సంఖ్యలు ఉన్నాయి.

రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పేద కుటుంబాల శిశువుల చేత 1 నుండి 10 వరకు ఒకే వరుసలో గళ్ళున్న పటం మీద నాలుగుసార్లు, ఒక్కొక్కసారి పావుగంట చొప్పున ఆట ఆడించారు. ఆ కొద్దిపాటి ఆటతోనే వారి సంఖ్యాజ్ఞానం గమనించదగినంత మెరుగైనది. గళ్ళలో అంకెలకు బదులు రంగులున్న పటంతో ఆడినవారిలో ఆ మెరుగుదల లేదు. ఇందులో ఒక మెలకువ ఉన్నది. కాయ 3 మీద ఉండి 2 పడితే పిల్లవాడు ‘ఒకటి, రెండు’ అని కాక ‘నాలుగు, ఐదు’ అని గడి పేర్లు చెబుతూ జరపాలి. బజారులో దొరికే వంద గళ్ళ పాముపటంలో వరుస ఎడమకు, కుడికి మెలికలు తిరుగుతుంది కనుక తొలి ఆటకు అది పనికిరాదు. నేల మీద సుద్దముక్కతో పది గళ్ళు గీసి, పిల్లలనే కాయలుగా నడిపిస్తే సరిపోతుంది.

సామగ్రి ఎంపికలో జాగ్రత్త అవసరం. మూడేళ్ళలోపు వారికి గింజలు, గోళీలు, చిన్న బొత్తాలు ఇవ్వరాదు; నోటిలోనో ముక్కులోనో పెట్టుకుంటారు. చూడడానికి ముచ్చటగా ఉండే గురివింద గింజలు ఏ వయసు పిల్లలకూ ఇవ్వకూడదు. వాటిని నమిలితే ప్రాణాపాయం కలిగించే విషం వాటిలో ఉన్నది. లెక్కకు చింతగింజలు, సీసా మూతలు, గులకరాళ్ళు వంటివి వాడి, పని ముగిసిన తరువాత పిల్లల చేతనే లెక్కించి డబ్బాలో వేయించడం ఉత్తమం. ఒకటి తగ్గితే వెతకవలసి ఉంటుంది. ఆ వెతుకులాట కూడా లెక్కయే.

వేళ్ళ మీద లెక్కించడాన్ని కొన్ని బడులలో మాన్పిస్తారు. ఈ వయసులో అది అనవసరమైన నిషేధం. ఒక చేతికి ఐదు, రెండు చేతులకు పది అన్న అమరికను పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్నారు. పెద్దలు వేళ్ళ కణుపుల మీద జపసంఖ్య లెక్కించడం పిల్లలు ఇంటిలో చూస్తూనే ఉంటారు.

పిల్లలకు ఎంత తెలిసినదో గమనించడం

వ్రాత పరీక్ష ఈ తరగతికి తగదు. ఐదు నిమిషాలు ఒక్కొక్కరి పక్కన కూర్చుంటే చాలును. ఏడు గింజలను వరుసగా పేర్చి లెక్కించమనాలి. ముగిసిన వెంటనే వాటిని చేతితో మూసి ‘ఎన్ని ఉన్నాయి?’ అని అడగాలి. వెంటనే ‘ఏడు’ అంటే మూడవ సూత్రం తెలిసినట్లు. చేయి తీయమని మళ్ళీ ఒకటి నుండి మొదలుపెడితే, ‘ఎన్ని’ అన్న మాటకు ‘లెక్కపెట్టు’ అని అర్థం చేసుకుంటున్నట్లు. తరువాత గింజలను గుంపుగా పోసి లెక్కించమనాలి. వరుసలో తప్పు చేయనివారు కూడా గుంపులో తప్పుతారు. లెక్కించిన గింజను పక్కకు జరిపే అలవాటు నేర్పితే ఇది కుదురుతుంది. చివరగా రాశిలో నుండి ఐదు ఇమ్మనాలి. ఇవ్వడం చెప్పడం కన్న కష్టం, ఎందుకంటే ఎక్కడ ఆగాలో గుర్తుంచుకోవాలి.

రెండు భాషల మధ్య

ఇంటిలో ‘మూడు’, బడిలో ‘త్రీ’ అని వినే పిల్లలు నేడు తెలుగు రాష్ట్రాలలో చాలామంది. విదేశాలలోని తెలుగు ఇళ్ళలో కూడా ఇదే స్థితి. లెక్కించి ఆపిన మాటయే మొత్తం అన్న సూత్రం ఒక భాషలో తెలిసిన పిల్లలకు రెండవ భాషలో అది మళ్ళీ మొదటి నుండి నేర్పనక్కరలేదు. పేర్లు మాత్రం విడిగా నేర్చుకోవాలి. అందుచేత ఆ సూత్రాన్ని పిల్లలు ఎక్కువగా మాట్లాడే భాషలో ముందు నేర్పడం సబబు. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ వంటి జంటలు వినడానికి దగ్గరగా ఉండి పిల్లలను తికమక పెడతాయి. పైగా సిక్స్‌టీన్‌లో ఆరు ముందు పలికి, వ్రాతలో ఒకటి ముందు వస్తుంది. పదహారులో పలికే వరుస, వ్రాసే వరుస ఒకటే. తెలుగు పేరును గుర్తు చేస్తే పిల్లలు 16 ను 61 గా వ్రాయడం తగ్గుతుంది.

ప్రభుత్వ విధానం

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. దాని కింద ఏర్పడిన అంగన్‌వాడీ కేంద్రాలలో 3 నుండి 6 ఏళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఒక సేవగా ఉన్నది. 2020 జాతీయ విద్యావిధానం 3 నుండి 8 ఏళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించినది. 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం, ఒకటవ తరగతికి ముందున్న బాలవాటిక పిల్లలు 10 వరకు అంకెలను గుర్తించి చదవాలి. 99 వరకు చదవడం, వ్రాయడం ఒకటవ తరగతి ముగిసేసరికి రావాలి. ఎల్.కె.జి. లోనే వంద వరకు వ్రాయించే బడులు ప్రభుత్వం కోరిన దానికన్న రెండేళ్ళు ముందు పరుగెత్తుతున్నాయన్న మాట. 2023 ఫిబ్రవరి 20న ఈ దశకు బొమ్మలు, చీటీలు, ఆటవస్తువులతో కూడిన ‘జాదూయీ పిటారా’ అనే సామగ్రి పెట్టెను విడుదల చేశారు.

ఆరేళ్ళు నిండిన పిల్లలకు, తగినంత కాలం వస్తువులతో అభ్యాసం జరిగిన తరువాత కూడా ఐదు వస్తువులను లెక్కించి ఇవ్వడం రాకపోతే, మొదట చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. పలక మీది 3 కు, 8 కి తేడా కనిపించని పిల్లలు, ‘ఏడు’, ‘ఆరు’ తేడా వినిపించని పిల్లలు ప్రతి ఊరిలో ఉంటారు. కొందరికి కావలసినది కళ్ళజోడు మాత్రమే.